చిన్న ఊరు, చేపల వేట, ఒక హత్య: ఇలాంటి మిస్టరీ నవలలు చదివారా? ఏవి బాగుంటాయి?

చదివాను, ఇప్పటికీ వెతుక్కుని మరీ చదువుతుంటాను. పేర్లు చెప్పే ముందు మా బాబాయ్ గురించి చెప్పాలి. వీటిలో ఏది గట్టిదో ఏది ఉత్తదో తేల్చుకోవడం నాకు ఆయన దగ్గరే అబ్బింది.

మాది విజయవాడ, కృష్ణలంక. ఆదివారం వస్తే బాబాయ్ గాలం పట్టుకుని బందరు కాలువ గట్టుకో, ఏటి ఒడ్డుకో వెళ్లాల్సిందే. ఎర డబ్బా మోసే పని నాది. ఒకరోజు పొద్దున్నే మా సందులోకి ఒకతను చేపల తట్టతో వచ్చాడు. "రాత్రంతా ఏట్లో వలేసి పట్టినవమ్మా, ఇప్పుడే ఒడ్డెక్కాయి" అన్నాడు. అమ్మ బేరం మొదలుపెట్టేలోపే బాబాయ్ ఒక బొచ్చెను చేతిలోకి తీసుకుని మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి మట్టి రంగులోకి తిరిగింది. కన్ను లోపలికి కుంగిపోయింది. పొట్టకి ఒకవైపు ఐసు గడ్డ ఒత్తుకున్న పల్లం. "ఇది చెరువు చేప వదినా. ఐసులో వచ్చింది. రెండు రోజులైనా అయ్యుంటుంది" అన్నాడు. అతను మారుమాట లేకుండా తట్ట నెత్తికెత్తుకున్నాడు.

నాకప్పుడు పదేళ్లు. ఒక మనిషి రాత్రి ఏటి మీద ఉన్నాడో లేదో చేప కన్ను చూసి చెప్పేయొచ్చని తెలిసిన రోజది. ఇప్పుడు చేపల వేట మిస్టరీ ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికేది అలాంటి సాక్ష్యం కోసమే. హంతకుణ్ణి పట్టించేది వేటే కావాలి. వేట తీసేసి ఆ చోట క్రికెట్ పెట్టినా కథ నడిచిపోతుందంటే, అందులో నది ఉన్నది అట్ట మీద బొమ్మ కోసమే.

ఇక పేర్లు. డోరొతీ సేయర్స్ 1931లో రాసిన 'ఫైవ్ రెడ్ హెర్రింగ్స్' నాకు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో దొరికింది. కథ జరిగేది స్కాట్లాండ్‌లోని గాలోవే ప్రాంతంలో. అక్కడ ఉండేవాళ్లు చేపలు పడతారు, లేదంటే బొమ్మలు వేస్తారు. అందరితో గొడవపడే ఒక చిత్రకారుడు వాగులో శవమై దొరుకుతాడు, గట్టు మీద సగం వేసిన బొమ్మ ఉంటుంది. అతని సామానులో ఉండాల్సిన వస్తువొకటి లేదని డిటెక్టివ్ గమనిస్తాడు. అదేమిటో రచయిత్రి మనకు చెప్పదు, మనల్నే ఆలోచించుకోమంటుంది. పుస్తకం పక్కన పెట్టి ఒక పూటంతా ఆలోచించాను నేను. అనుమానితులు ఆరుగురు, అందులో ఐదుగురు నిర్దోషులు. పేరులోని హెర్రింగ్ కూడా చేపే. ఉప్పు పట్టించి, పొగబెట్టి ఎర్రబడేలా చేసిన ఆ చేప పేరే తప్పుదోవ పట్టించే ఆధారానికి ఇంగ్లీషులో వాడుకైంది. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. మధ్యలో రైళ్ల టైముల లెక్కలు చాలా ఉంటాయి, అక్కడ ఓపిక కావాలి.

రెండోది ఎం.సి. బీటన్ 1985లో రాసిన 'డెత్ ఆఫ్ ఎ గాసిప్'. స్కాట్లాండ్‌లోనే ఒక పల్లె. గాలం వేయడం నేర్చుకోవడానికి వచ్చిన బృందంలో అందరి గుట్టూ తెలిసిన ఒకావిడ చనిపోతుంది. చిన్నది, తేలిక. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. మొదటిసారి చదివేవాళ్లు దీంతో మొదలుపెట్టండి.

తెలుగులో ఇలాంటివి రావాలని నాకు గట్టి కోరిక. రేపల్లె, అవనిగడ్డ, నిజాంపట్నం లాంటి ఊళ్లు మనకున్నాయి. ఏ పడవ ఎవరిదో, గట్టు మీద ఏ చెట్టు కింద ఎవరు కూర్చుంటారో అక్కడ అందరికీ తెలుసు. ఆధారాలకు కరువేమీ లేదు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైపొరలో తింటుంది. శీలావతి మధ్యలో, మోసు అడుగున. "తెల్లవార్లూ బొచ్చె కోసమే కూర్చున్నాను" అని ఒకడు చెప్పాడనుకోండి. అతని గాలానికి, ఎర అడుగుకి తగిలేంత ఎత్తున బెండు (నీటి మీద తేలే ముక్క) కట్టి ఉంటే, ఆ మాట నేను నమ్మను. కొరమీను గాలి పీల్చగలదు కాబట్టి తడి గుడ్డలో చుట్టి ఉంచితే గంటల తరబడి బతికే ఉంటుంది. బుట్టలో అది చచ్చి బిగుసుకుపోయి ఉందంటే, "ఇందాకే పట్టాను" అన్న మాట మీద కూడా అనుమానం రావాల్సిందే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కాలువలు కట్టేసే కాలం. ఎండాకాలంలో డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. బందరు కాలువలో గుంటలు మిగిలితే పిల్లలం మోకాళ్ల లోతు బురదలో దిగి చేతులతో చేపలు తడిమేవాళ్లం. ఒకసారి నా చేతికి సైకిల్ హ్యాండిల్ తగిలింది. బాబాయ్ లాగితే నాచు పట్టిన సైకిల్ మొత్తం బయటికొచ్చింది. గట్టు మీద పదిమందీ గుమిగూడి అది ఎవరిదో గుర్తుపట్టడానికి తంటాలు పడ్డారు. సంక్రాంతికి కాలువలోకి విసిరేసిన కత్తి మే నెలలో ఊరందరి ముందూ అలా బయటపడితే ఎలా ఉంటుందో ఊహించండి. సముద్రం పక్క ఊరైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంది. ఒడ్డున కట్టేసి ఉండాల్సిన మరపడవ అడుగున తాజా చేప పొలుసు కనిపిస్తే చాలు, కథ మొదలైపోతుంది.

రాయాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. స్కాట్లాండ్ కథలోని లెక్కల్ని తెచ్చి కృష్ణలో పెడితే కుదరదు. చల్లటి నీళ్లలో శవం తేలడానికి వారాలు పట్టొచ్చు. మన ఎండాకాలపు నీళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే తేలుతుంది. మనిషి ప్రాణంతో నీళ్లలో పడ్డాడా, చంపి పడేశారా అన్నదానికి డయాటమ్ పరీక్ష ఉంది. కంటికి కనపడని ఈ నాచు జీవాలు మునిగేటప్పుడు ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా చేరతాయి. ఏటి నీళ్లలో ఉండే రకాలు వేరు, చెరువులో రకాలు వేరు కావచ్చు. చెరువులో ముంచి చంపి ఏట్లో పడేసినవాడు అక్కడ దొరికిపోవచ్చు.

ఈ మధ్య నేనే ఒకటి రాయడం మొదలుపెట్టి, కథ బాబాయ్‌కి వినిపించాను. వేసవి రాత్రి హంతకుడు ప్రకాశం బ్యారేజీ దిగువన శవాన్ని ఏట్లో వదులుతాడు, మర్నాడు అది ఇంకా కిందనున్న యనమలకుదురు దగ్గర తేలుతుంది. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "ఆ రాత్రి గేట్లు ఎత్తారా అమ్మడూ? ఎత్తకపోతే కింద ఇసుకా గుంటలే కదా, శవం ఎలా కదులుతుంది?"

డెబ్బై గేట్లున్న బ్యారేజీ పక్కన పుట్టి పెరిగి కూడా నాకది తట్టలేదు. కథని వరదకి గేట్లెత్తే ఆగస్టుకి మార్చి, ఆ అధ్యాయం మళ్లీ రాస్తున్నాను.