ముందు బంకుల బొమ్మ గియ్యి అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "పదిహేనేళ్ళు నేవీలో చేసి వచ్చాను మావయ్యా, మనవాళ్ళ గురించి రాద్దామని కూర్చుంటే జాయినింగ్ తేదీ దగ్గరే ఆగిపోయాను, ఎలా మొదలుపెట్టాలి?" అన్నావు. నాకూ అలాగే అయింది. 1996లో కిట్ బ్యాగ్ భుజాన వేసుకుని ఇంటికొచ్చాక ఇరవై ఏళ్ళ పాటు రాయాలన్న ఊసే రాలేదు. పిల్లల చదువులు, ఇల్లు కట్టడం, రెండో ఉద్యోగం, వీటితోనే సరిపోయింది. తీరా రాద్దామని కూర్చునేసరికి, ఎవరిని అడిగితే సంగతులు తెలుస్తాయో వాళ్ళలో సగం మంది లేరు. నీకు ఆ ఆలస్యం జరగకూడదనే ఈ ఉత్తరం.

జాయినింగ్ తేదీతో మొదలుపెట్టకు. తేదీలు ఎక్కడికీ పోవు, కాగితాల్లో ఉంటాయి. ఒక తెల్ల కాగితం తీసుకుని నీ మొదటి షిప్‌లో మీ మెస్‌డెక్, అదే సెయిలర్లు తిని పడుకునే హాలు, బొమ్మ గియ్యి. నిచ్చెన ఎక్కడ దిగేది, టేబుల్ ఎక్కడ, లాకర్లు ఏ గోడకి, పడుకునే బంకులు ఏ వరసలో ఒకదాని మీద ఒకటి. బొమ్మ బాగుండక్కర్లేదు. తర్వాత ఒక్కో బంకులో ఎవరు పడుకునేవారో పేరు రాయి. నేను పనిచేసిన షిప్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మెస్‌డెక్ గీసిన రోజు ఆరు పేర్లే వచ్చాయి. రెండో రోజుకి పద్నాలుగయ్యాయి. నిచ్చెన పక్కన కింది బంకు ఎవరిదబ్బా అని ఆలోచిస్తుంటే ముందు కొబ్బరినూనె వాసన గుర్తొచ్చింది, ఆ వెనకే మనిషి గుర్తొచ్చాడు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన రోజు ఆ అబ్బాయి కర్టెన్ లాక్కుని, చిన్న టార్చి వెలుగులో ఒక్క ఉత్తరాన్నే గంటసేపు చదివేవాడు. కాగితం తిప్పిన చప్పుడు పైబంకులో ఉన్న నాకు వినపడేది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను తలుచుకోని సంగతి అది.

పేర్లు వచ్చాక ఒక్కొక్కరి గురించి ఒక్క పని రాయి, గుణం రాయకు. నేను మా చీఫ్, అంటే మా సీనియర్ సెయిలర్, గురించి మొదట "చాలా మంచివారు, క్రమశిక్షణ గలవారు, ఎంతో నేర్పారు" అని రాసి మీ అత్తకి చదివి వినిపించాను. "మా స్కూల్ హెడ్‌మాస్టర్ రిటైర్మెంట్‌కీ ఇవే మాటలు చదివారు" అంది. నిజమే. కొట్టేసి మళ్ళీ రాశాను.

ఆయన కొల్లం వైపు మనిషి. మిడిల్ వాచ్‌లో, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా, ఇంజిన్ రూమ్‌లో మాతోపాటు తిరిగేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన పంపు బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవారు. నన్నూ వినమన్నారు. నాకు గరగర తప్ప ఏమీ తెలియలేదు. "మూకుడులో బియ్యం వేగుతున్నట్టు వినిపిస్తే పర్లేదు. అందులో రాయి పడ్డట్టు వినిపించిన రోజు నన్ను లేపు" అన్నారు హిందీలో. మూడు వారాల తర్వాత ఒక రాత్రి రెండు గంటలకి ఆ రాయి వినిపించింది. అనుమానం అనుమానంగానే వెళ్ళి లేపాను. బనీనుతోనే పరుగున వచ్చి, చెవి ఆనించి విని, పంపు మార్పించి, నా భుజం మీద చెయ్యి వేశారు. ఒక్క మాటా అనలేదు. పైకి వెళ్ళి ఎనామిల్ మగ్గుతో టీ తెచ్చి ఇచ్చారు. చీఫ్ తన చేత్తో జూనియర్‌కి టీ తెచ్చాడంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. ఇప్పటికీ ఇంట్లో మోటారు వేసినప్పుడు నా చెవి ముందు ఆ రాయి కోసమే వెతుకుతుంది.

ఆయన పేరు ఇక్కడ ఎందుకు రాయలేదంటావేమో. వాళ్ళ అమ్మాయిని ఇంకా అడగలేదు. నీ సొంత నోట్‌బుక్‌లో అందరి పేర్లూ పూర్తిగా రాసుకో. నలుగురికీ చూపించే ముందు మాత్రం ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యి. మనకి సరదా అనిపించిన సంగతి వాళ్ళ ఇంట్లో ఎవరికైనా గుచ్చుకోవచ్చు. ఆ ఫోన్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మనకి తెలియని సగం వాళ్ళ దగ్గర దొరుకుతుంది.

ఇక ఇంట్లో వాళ్ళు చెప్పుకునే కథల గురించి. ఇది కొంచెం జాగ్రత్తగా చదువు.

మా పెద్దనాన్న, అంటే నీకు పెద్ద తాత, 1971 యుద్ధంలో ఉన్నాడని నీకు తెలుసు. "విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచిన రాజ్‌పుత్‌లో ఆయన ఉన్నాడు" అని మన ఇంట్లో పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పుకోవడం చిన్నప్పటి నుంచీ విన్నాను. 1989లో నేను రాజ్‌పుత్ ఎక్కినప్పుడు మా అమ్మ "మీ పెద్దనాన్న షిప్పే నీకూ వచ్చింది" అని దేవుడి దగ్గర దీపం పెట్టింది. అది ఆ షిప్ కాదని నాకు అప్పుడే తెలుసు. 1971 నాటి రాజ్‌పుత్ బ్రిటిష్ వాళ్ళ దగ్గర కొన్న పాత డిస్ట్రాయర్. నాది సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1980 మే 4న నేవీలో చేరింది. మా అమ్మ సంతోషం చూసి ఆ మాట చెప్పలేకపోయాను. పెద్దనాన్న పోయాక ఆయన సర్వీస్ కాగితాలు చూస్తే పాత రాజ్‌పుత్ పేరు కూడా లేదు. 1971 డిసెంబర్‌కి ఎదురుగా మన విమానవాహక నౌక విక్రాంత్ పేరు ఉంది!

ఒక్కసారి ఆలోచించు. ఘాజీ విశాఖ దాకా వచ్చిందే విక్రాంత్‌ని వెతుక్కుంటూ. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా ఈస్టర్న్ నేవల్ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దొంగ సిగ్నళ్ళు పంపించారు. అసలు విక్రాంత్ అండమాన్‌లో దాగి ఉంది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ ఇక్కడ హార్బర్ ముందు మునిగిపోయింది. డిసెంబర్ 4 నుంచి విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి. ఆ సమయంలో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి చీలిక ఉంది. పూర్తి వేగం అందదు, అయినా యుద్ధానికి తీసుకెళ్ళారు. మా పెద్దనాన్న స్టోకర్, బాయిలర్లు చూసే మనిషి. అంటే ఆ రోజుల్లో ఆయన ఆ బాయిలర్ల మధ్యే ఉన్నాడు. ఇంట్లో చెప్పుకున్న కథ కంటే కాగితంలో దొరికిన నిజమే పెద్దది. మనం యాభై ఏళ్ళు తప్పు కథ చెప్పుకుని అసలు సంగతి ఆయన్ని అడగకుండా పోగొట్టుకున్నాం. బాయిలర్ రూమ్‌లో ఎంత వేడి ఉండేది, ఆ చీలిక వైపు చూస్తే భయం వేసేదా, విమానం ఎగిరినప్పుడు కింద ఉన్నవాళ్ళకి ఎలా తెలిసేది? అడగడానికి ఇప్పుడెవరూ లేరు.

అందుకే ఇంట్లో విన్న ప్రతి కథనీ కాగితంతో సరిచూడు. డిశ్చార్జ్ అయినప్పుడు ఇచ్చిన సర్వీస్ కాగితాల్లో ఏ షిప్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉంటుంది. అవి లేకపోతే పాత ఇన్‌లాండ్ లెటర్లు వెతుకు. అడ్రస్‌లో షిప్ పేరు, కింద "కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్" అని ఉంటుంది, మీద పోస్టు ముద్రలో తేదీ ఉంటుంది. సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్ చీతా క్యాంప్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. నంబర్, ర్యాంక్ రాసి అడగొచ్చు. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్తారు. షిప్ పేరు ఒక్కటే చూసి నమ్మకు, మన నేవీలో పాత పేర్లే కొత్త షిప్‌లకి పెడతారు. 2022లో వచ్చిన కొత్త విక్రాంత్‌కి పేరే కాదు, పాతదాని ఆర్-11 నంబర్ కూడా ఇచ్చారు. పక్కన ఏడాది కచ్చితంగా రాయి.

ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు వాదనలున్నాయి. పాత రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ళలో పేలే బాంబుల) వల్లే అని మనవాళ్ళు, లోపల జరిగిన పేలుడు వల్ల అని అవతలివాళ్ళు. ఇలాంటి చోట తీర్పు చెప్పడం మన పని కాదు. మన మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఏం చూశాడు, ఏం విన్నాడు, అంతవరకే రాయి. ఆ రాత్రి తలుపులు, కిటికీలు అదిరాయని విశాఖలో పాతవాళ్ళు చెప్తారు, అది వాళ్ళు విన్నది. ఘాజీలో తొంభై మందికి పైగా పోయారు. వాళ్ళలోనూ నాలాంటి ఇంజిన్ రూమ్ వాళ్ళు ఉండే ఉంటారు. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ మాట మనసులో మెదులుతుంది.

ఆఫీసర్ల గురించి రాసేటప్పుడు చెయ్యి అటో ఇటో జారుతుంది. పొగిడితే దండాలు పెట్టేస్తాం, కోపం ఉంటే కడిగేస్తాం. మా నాన్న పోయాడని టెలిగ్రాం వచ్చిన రోజు నేనున్న షిప్ మర్నాడు పొద్దున్నే సెయిలింగ్. లీవ్ అడిగాను. "నీ చోట నిలబెట్టడానికి మనిషి లేడు" అని ఆ ఆఫీసర్ ఒక్క మాటతో పంపించేశాడు. దినాలకి కూడా అందలేదు. పదేళ్ళ పాటు ఆయన పేరు తలిస్తే నా ఒళ్ళు మండేది. రాయడానికి కూర్చున్నప్పుడు ఆ కోపమంతా నాలుగు పేజీలు రాశాను. ఐదో పేజీలో ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రాత్రి సముద్రంలో, మిడిల్ వాచ్‌లో, ఆయన ఇంజిన్ రూమ్‌లోకి దిగి వచ్చి నా పక్కన అరగంట నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. గేజ్‌ల వైపు చూస్తూ నిలబడి వెళ్ళిపోయాడు. అది ఓదార్పా, నేను డ్యూటీ సరిగ్గా చేస్తున్నానా అని తనిఖీయా, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. రెండూ రాశాను, పేరు రాయలేదు. నీకూ ఇలాంటివి ఉంటాయి. కోపం దాచకు, మొత్తం రాయి. ఆ తర్వాత ఐదో పేజీ కోసం ఆగు.

పెద్దవాళ్ళ గురించి రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మా రాజ్‌పుత్ తొలి కమాండింగ్ ఆఫీసర్ కెప్టెన్ హీరానందానీ వైస్ అడ్మిరల్‌గా రిటైరై, తర్వాత నేవీ చరిత్రే రాశారు. ఐఎన్ఎస్ ఖుక్రీ 1971 డిసెంబర్ 9న డయ్యూ దగ్గర మునిగినప్పుడు షిప్‌తోపాటే వెళ్ళిపోయిన కెప్టెన్ ముల్లా పేరు దేశమంతా తెలుసు, తెలియాలి కూడా. ఆ షిప్‌తో 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. ఆ 176 మందిలో ఎవరు పాటలు పాడేవారో, ఎవరికి కొత్తగా పెళ్ళయిందో, గ్యాలీలో, అదే షిప్ వంటగదిలో, ఎవరి చపాతీలు మెత్తగా ఉండేవో పక్క బంకువాడు రాస్తేనే తెలుస్తుంది. నిన్ను రాయమని ఇంత పట్టుపట్టడం అందుకే అల్లుడూ. మీ కుక్ గురించి, మీ స్వీపర్ గురించి, ఎప్పుడూ ఫోటోలో వెనక వరసలో సగం ముఖమే కనిపించే కుర్రాడి గురించి ముందు రాయి.

వాట్సాప్ గ్రూప్‌లో అన్నీ ఉన్నాయిలే అనుకోకు. మా గ్రూప్‌లో ఒక షిప్‌మేట్ పోయాడని మెసేజ్ వస్తే సాయంత్రానికి నూట యాభై "ఓం శాంతి"లు వస్తాయి, తెల్లారేసరికి వాటి మీద గుడ్ మార్నింగ్ పూలు పడతాయి. వెతికితే ఆ మనిషి దొరకడు. ఎవరైనా పాత సంగతి పెడితే అదే రోజు నోట్‌బుక్‌లోకి ఎక్కించు. ఫోన్ చేసి మాట్లాడితే, అడిగి రికార్డ్ చెయ్యి. "యుద్ధం గురించి చెప్పండి" అంటే పెద్దవాళ్ళు గట్టిగా గొంతు సవరించుకుని పేపర్లో చదివింది చెప్తారు. "ఆ రోజు పొద్దున టిఫిన్ ఏం పెట్టారు?" అని అడుగు, వాళ్ళే అక్కడి నుంచి మొదలుపెడతారు.

ఇంట్లో ఆడవాళ్ళని మర్చిపోకు. మా చిన్న తాత రాయల్ ఇండియన్ నేవీలో ఉండేవాడు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నేవీ శిక్షణ కేంద్రంలో మొదలైన సెయిలర్ల తిరుగుబాటు గురించి ఎన్నిసార్లు అడిగినా "అదో గొడవలే" అనేవాడు. ఆయన పోయాక అమ్మమ్మ చెప్పింది. ఆ ఏడాది ఎండాకాలంలో ఆయన చేతిలో ఒక్క గుడ్డ సంచితో ఇంటికొచ్చి, మూడు రోజులు పెరట్లో కూర్చుని, నాలుగో రోజు నాగలి పట్టాడట. ఆ సంచి రంగు కూడా ఆవిడకి గుర్తుంది.

ఇంకొక్కటి. రిటైరైనా మన నోటి మీద అధికార రహస్యాల చట్టం ఉంటుంది. పరికరాలు, సిగ్నళ్ళు, ఇప్పుడు ఏ షిప్ ఎక్కడుంది, ఇలాంటివి నోట్‌బుక్‌లో కూడా వద్దు. మనుషుల గురించి రాయడానికి వాటి అవసరమే రాదు.

2021 మే 21న రాజ్‌పుత్‌ని విశాఖలో డీకమిషన్ చేశారు, అంటే సర్వీసు నుంచి తప్పించారు. కోవిడ్ రోజులు, బయటివాళ్ళని రానివ్వలేదు. ఆ సాయంత్రం మేడ మీద నిలబడి హార్బర్ ఉన్న వైపు చూస్తూ, జెండా దింపే వేళకి అటెన్షన్‌లో నిలబడ్డాను. కిందకి దిగి ఆ రాత్రే బంకుల బొమ్మ గీశాను.

ఆదివారం వచ్చేటప్పుడు నువ్వు గీసిన బొమ్మ తీసుకురా. నా దాంట్లో ఒక బంకు ఇంకా ఖాళీగానే ఉంది, ఎడమ వరసలో మధ్యది. కొల్లం ఫోన్ చేసి చీఫ్ గారి అమ్మాయిని పాత గ్రూప్ ఫోటో పంపమని అడుగుదామనుకుంటున్నాను. అలాగే పెద్దనాన్న ట్రంకు పెట్టె తాళం మీ అమ్మ దగ్గరుంది, మర్చిపోకుండా పట్టుకురా.

ఇట్లు,
మీ మావయ్య