ఓడ ఎక్కేముందు: సముద్ర కొలువులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే నమ్మకంతో మొదలయ్యాయి: కోర్సు పూర్తయితే ఉద్యోగం వచ్చినట్టేనని. మర్చంట్ నేవీలో అసలు లెక్క సీ టైమ్‌ది. అంటే సీడీసీలో (ఓడ కొలువులన్నీ నమోదయ్యే పుస్తకంలో) పడిన సైన్ ఆన్ (ఓడ ఎక్కిన) తేదీ నుంచి సైన్ ఆఫ్ (దిగిన) తేదీ వరకు ఉన్న రోజులు. కింది జవాబులన్నీ ఎటు తిరిగినా అక్కడికే వస్తాయి.

ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. రెండు కళ్లకూ మైనస్ 1.75 అద్దాలున్నాయి. కెప్టెన్ కావాలని కోరిక. డీఎన్‌ఎస్‌లో (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) చేరాలా, బీటెక్ మెరైన్‌లోనా? విశాఖ క్యాంపస్‌లో సీటొస్తే ఇంటికి దగ్గర.
*– విద్యార్థి, రాజమహేంద్రవరం*

మీ అద్దాలే జవాబు చెప్పేశాయి. డెక్ వైపు, అంటే ఓడ నడిపే డీఎన్‌ఎస్ దారిలో, చేరడానికి అద్దాలు లేని చూపు 6/6 అడుగుతారు. రాత్రి బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద వాచ్‌లో ఉన్నప్పుడు మైళ్ల దూరంలో ఒక దీపపు చుక్క కనిపిస్తుంది. అది ఎరుపా, ఆకుపచ్చా, తెలుపా అన్నదాన్ని బట్టే ఎదుటి ఓడ ఎటు మళ్లిందో తెలుస్తుంది. అందుకే అంత పట్టింపు. ఇంజిన్ వైపు ప్లస్ లేదా మైనస్ 2.5 దాకా అద్దాలుంటే ఒప్పుకుంటారు. కాబట్టి మీ దారి బీటెక్ మెరైన్ ఇంజినీరింగే. అయితే ఒక మాట: ఆ దారిలో చీఫ్ ఇంజినీర్ అవుతారు గానీ కెప్టెన్ కారు. మనసు దానికి సరేనంటేనే దిగండి.

రంగులు సరిగా కనిపించకపోతే మాత్రం రెండు దారులూ మూసుకున్నట్టే. ఇషిహారా చుక్కల పుస్తకంతో చేసే పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. కోర్సు ఫీజు కట్టాక మెడికల్‌లో ఆగిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తూనే ఉంటారు. డీజీ షిప్పింగ్ (కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్) గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర ముందే చూపించుకోండి, ఆ తర్వాతే ఐఎంయూ సీఈటీ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) దరఖాస్తు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి.

విశాఖ గురించి చాలామంది పొరబడుతున్నారు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్ పేరుపడింది నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్‌కు. అది ఓడను డిజైన్ చేసే చదువు, ఓడ నడిపే చదువు కాదు. దాంతో షిప్‌యార్డులో, ఓడల నాణ్యతను తనిఖీ చేసే క్లాసిఫికేషన్ సొసైటీలో మంచి ఉద్యోగం దొరకొచ్చు గానీ నేరుగా ఇంజిన్ రూములో అడుగుపెట్టే అర్హత రాదు. మెరైన్ ఇంజినీరింగ్‌కు చెన్నై, కోల్‌కతా, ముంబై పోర్ట్ క్యాంపస్‌లు చూసుకోండి. ఒకవేళ మామూలు మెకానికల్ బీటెక్‌లో సీటొచ్చినా దారి మూసుకుపోదు. అది పూర్తిచేసి, 28 ఏళ్లలోపు ఏడాది జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్) కోర్సు చేస్తే అదే ఇంజిన్ రూముకు చేరతారు. ఎటునుంచి వచ్చినా ఎంఈఓ క్లాస్ ఫోర్ (ఇంజిన్ అధికారి కావడానికి మొదటి) పరీక్షకు ముందు ఆరు నెలల సీ టైమ్ కావాలి.

చూపు బాగున్న మీ స్నేహితుల కోసం ఇంకో మాట. డీఎన్‌ఎస్ ఏడాది చదువు, ఆపైన 18 నెలల సీ టైమ్. బీఎస్సీ నాటికల్ సైన్స్ మూడేళ్ల చదువు, ఆపైన 12 నెలల సీ టైమ్. కాగితం మీద డీఎన్‌ఎస్ దగ్గరి దారి. కానీ కంపెనీ స్పాన్సర్‌షిప్ లేకుండా అందులో చేరొద్దని మా గట్టి సలహా. కోర్సయ్యాక క్యాడెట్ బెర్త్ (ఓడ మీద శిక్షణ చోటు) దొరక్క ఏళ్ల తరబడి ఆఫీసుల మెట్లెక్కుతూ తిరిగేవాళ్లు తక్కువేం కాదు. స్పాన్సర్‌షిప్ లెటర్‌నూ జాగ్రత్తగా చదవాలి. 'శిక్షణ బెర్త్ ఇస్తాం' అని రాసుంటే ఒక అర్థం, 'ఖాళీలను బట్టి పరిశీలిస్తాం' అని రాసుంటే ఇంకో అర్థం. రెండోదాన్ని స్పాన్సర్‌షిప్ కింద లెక్కేయకండి.

మా అబ్బాయి పది పాసయ్యాడు. మా మండలంలో ఒకాయన నాలుగున్నర లక్షలిస్తే ఆరు నెలల్లో విదేశీ ఓడ మీద డెక్ క్యాడెట్‌గా ఎక్కిస్తానంటున్నాడు. ఆఫర్ లెటర్ కూడా చూపించాడు. అందులో కంపెనీ పేరు, ఓడ పేరు, ఓడ గుర్తింపు కోసం ఇచ్చే ఐఎంఓ నంబరు ఉన్నాయి. ముందు లక్ష కట్టమంటున్నాడు. నమ్మొచ్చా అండీ?
*– ఒక తండ్రి, సోంపేట*

కట్టకండి. పది చదివిన అబ్బాయి డెక్ క్యాడెట్ కాలేడు, దానికి ఇంటర్ ఎంపీసీ కావాలి. ఆ కాగితం మొదటి లైనులోనే తేలిపోయింది.

పదితో సముద్రం మీదికి వెళ్లే సరైన దారి జీపీ రేటింగ్, అంటే అధికారి కాని ఓడ సిబ్బంది కొలువు. డీజీ షిప్పింగ్ అనుమతి ఉన్న సంస్థలో ఆరు నెలలు అక్కడే ఉండి చదవాలి. వయసు పదిహేడున్నర నుంచి 25 మధ్య ఉండాలి. మొత్తం మార్కుల్లోనూ, ఇంగ్లిష్‌లోనూ 40 శాతం తప్పనిసరి. ఆ సంస్థకు కట్టే ఫీజు న్యాయమైనదే, రసీదూ ఇస్తారు. ఉద్యోగం ఇప్పించినందుకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఎవరూ తీసుకోకూడదు. 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. మన దేశం 2015లో దానికి ఒప్పుకుంది. మీ అబ్బాయి తన జేబులోంచి పెట్టుకోవాల్సినవి మెడికల్, పాస్‌పోర్టు, సీడీసీ ఖర్చులు మాత్రమే. వీసా ఖర్చు కూడా ఓడ యజమానిదే.

ఇలాంటి కాగితం ఎవరు చూపించినా ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ముందు ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు అడగండి. సెయిలర్లను ఓడల మీదికి పంపడానికి డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు అది. లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో ఉంటుంది. అయితే మోసగాళ్లు అసలు కంపెనీ పేరు, నంబరు ఎత్తేసి, కింద తమ ఫోన్ నంబరు వేసుకుంటారు. అందుకని ఆఫర్ లెటర్‌లో ఉన్న నంబరుకు కాకుండా, జాబితాలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, ఫలానా పేరుతో లెటర్ ఇచ్చారా అని అడగండి. సగం కేసులు ఆ ఒక్క ఫోన్‌తోనే తేలిపోతాయి.

తర్వాత ఐఎంఓ నంబరు. అది ఏడంకెలు. దానిలో చిన్న లెక్క దాగి ఉంది. మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో సరిపోవాలి. ఉదాహరణకు 9074729 తీసుకోండి. తొమ్మిది ఏడులు 63, సున్నా, ఏడైదులు 35, నాలుగు నాలుగులు 16, ఏడు మూళ్లు 21, రెండు రెళ్లు 4. మొత్తం 139. చివరి అంకె 9, నంబరు చివర కూడా 9. సరిపోయింది. నోటికొచ్చిన నంబరు వేసిన దొంగ కాగితం చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. లెక్క కుదిరినంత మాత్రాన ఉద్యోగం నిజమని కాదు, ఎవరో నిజమైన ఓడ నంబరే తెచ్చి వేసి ఉండొచ్చు. లెక్క కుదరకపోతే మాత్రం కాగితం అబద్ధమే.

డబ్బు చేతులు మారాక కథ ఇలా నడుస్తుంది. మూడు రోజుల్లో ఏదో విదేశీ జెండా సీడీసీ వస్తుంది. విజిట్ వీసా మీద గల్ఫ్‌కో, మలేసియాకో విమానం ఎక్కిస్తారు. అక్కడ ఓ పాత టగ్గు (ఓడలను లాగే పడవ) మీద పని. పాస్‌పోర్టు యజమాని దగ్గర. జీతం మొదటి నెల వస్తుంది, ఆపైన రాదు. ఏడాది ఒళ్లు హూనం చేసుకుని తిరిగొచ్చినా, రేపు ఇక్కడ పరీక్ష రాయాలంటే ఆ రోజులు సీ టైమ్ కింద చెల్లవు. డబ్బు సంగతి అలా ఉంచితే, పోయిన ఆ ఏడాదిని ఎవరూ తిరిగివ్వలేరు.

ఇప్పటికే ఎవరి పిల్లాడైనా అలా ఇరుక్కుని ఉంటే, రెండు నెలల జీతం అందకపోవడమే ఆ ఓడను యజమాని 'వదిలేసినట్టు' అనడానికి చాలు. అప్పుడు ఓడకున్న బీమా నాలుగు నెలల దాకా జీతం బకాయి, తిండి, ఇంటికి టికెట్ భరించాలి. ఆ బీమా సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేచోట అంటించి ఉంటుంది. ఎక్కిన రోజే దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని ఇంటికి పంపమనండి. అది కనిపించని ఓడలో సామాను విప్పకపోవడమే మంచిది.

సెకండ్ మేట్ సర్టిఫికెట్ (డెక్ అధికారి అర్హత పత్రం, సీఓసీ) తీసుకుని నాలుగేళ్లు దాటింది. థర్డ్ ఆఫీసర్‌గా 7 నెలలు చేశాను. తర్వాత పాప పుట్టింది, మూడేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. సీఓసీ గడువు ఇంకో 10 నెలల్లో ముగుస్తుంది. మళ్లీ వెళ్లాలనుంది. ఆలస్యమైందా?
*– పాఠకురాలు, విజయవాడ*

ఆలస్యం కాలేదు. కాకపోతే ఈ వారమే కదలండి. రెన్యువల్‌కు రెండు లెక్కలున్నాయి: గత ఐదేళ్లలో మొత్తం 12 నెలల సీ టైమ్, లేదా చివరి ఆరు నెలల్లో 3 నెలలు. మీకు 7 ఉన్నాయి కాబట్టి ఇంకో 5 కావాలి. ఒక్క కాంట్రాక్టుతో అయిపోతుంది. గడువుకు ముందు నాలుగు నెలలు మిగిలేలా ఓడ ఎక్కితే రెండో లెక్క ప్రకారమైనా గట్టెక్కుతారు.

చాలామంది తప్పు చేసేది ఈ ఐదేళ్ల కొలతలోనే. అది రోజురోజుకూ ముందుకు జరిగే కిటికీ లాంటిది. మీరు రెన్యువల్ చేయించుకునే రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు కొలుస్తారు. మీ ఏడు నెలలు ఆ కిటికీకి పాత చివరన ఉన్నాయి, ఆలస్యం చేసేకొద్దీ ఒక్కో రోజూ బయటికి జారిపోతుంది. సీడీసీ తీసి తేదీలు కాగితం మీద వేసుకోండి. విమానంలో గడిపినవి, హోటల్లో ఓడ కోసం ఎదురుచూసినవి కలపకండి.

ఓడ వెతుక్కునేలోపు చేయాల్సినవి: మెడికల్, ఇంకా పీఎస్‌టీ (సముద్రంలో ప్రాణరక్షణ), ఎఫ్‌పీఎఫ్‌ఎఫ్ (మంటలు ఆర్పడం) రిఫ్రెషర్లు. వీటి గడువూ ఐదేళ్లే, మీవి కూడా అయిపోవచ్చి ఉంటాయి. ట్యాంకర్ మీద చేసి ఉంటే డీసీఈ (ప్రమాదకర సరుకు ఓడలకు ఇచ్చే అనుమతి) తేదీ కూడా చూసుకోండి. దానికి ఐదేళ్లలో 3 నెలల ట్యాంకర్ సర్వీసు కావాలి.

ఒకవేళ గడువు దాటినా సర్టిఫికెట్ చచ్చిపోదు. అదనపు మనిషిగా గానీ, కింది ర్యాంకులో గానీ మూడు నెలలు చేసి తిరిగి తెచ్చుకునే వీలుంది. అంతదాకా తెచ్చుకోకపోతేనే మేలు. గ్యాప్ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూలో అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రిఫ్రెషర్లు అప్పటికే చేసి వెళ్తే ఆ ప్రశ్న పదును సగం తగ్గుతుంది.

మా పాప హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడిపేది. 15 నిండాయి, ఇక ఆ క్లాసులో పోటీ లేదంటున్నారు. సెయిలింగ్ మాననంటోంది. తర్వాత ఏ బోటు? ఈ అనుభవం మర్చంట్ నేవీలో పనికొస్తుందా?
*– ఒక తల్లి, సికింద్రాబాద్*

పాప బరువు చూసి నిర్ణయించండి. తేలికగా ఉంటే ఐఎల్‌సీఏ 4 (ఒక్కరే నడిపే తెరచాప పడవ) సరిపోతుంది. బరువు పెరిగేకొద్దీ ఐఎల్‌సీఏ 6. రెండింటికీ హల్ (పడవ దేహం) ఒకటే, మాస్ట్ (తెరచాప స్తంభం) పై భాగమూ ఒకటే. మారేది మాస్ట్ కింది ముక్క, తెరచాప మాత్రమే. ఐఎల్‌సీఏ 4 తెరచాప వైశాల్యం 4.7 చదరపు మీటర్లు, ఐఎల్‌సీఏ 6ది 5.76. అంటే 4 నుంచి 6కు మారేటప్పుడు కొత్త బోటు కొనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ హల్ కొనేముందు మాస్ట్ నిలబెట్టే గుంతలో నిండా నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. మట్టం తగ్గితే అడుగు లీకయినట్టే, బేరం వదిలేయండి. ఇసుక పడి మాస్ట్ అడుగు రాసుకుపోవడమే దీనికి ఎక్కువగా కారణం. అందుకే బోటు దించే ప్రతిసారీ ఆ గుంత కడిగి, తుడిచి, ఆ తర్వాతే మాస్ట్ పెట్టడం పాపకు అలవాటు చేయండి.

డింగీ (చిన్న పడవ) మీద గడిపిన గంటలు మర్చంట్ నేవీలో సీ టైమ్ కింద చెల్లవు. తెరచాప మీద ప్రేమ పోగొట్టుకోకుండా జీతం కూడా రావాలంటే మన దేశంలో నేవీయే మంచి చోటు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద బయల్దేరి భూమిని చుట్టొచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో ఇద్దరు తెలుగువాళ్లు. పి. స్వాతి విశాఖ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. వాళ్లు వెళ్లిన 56 అడుగుల పడవ నడిచింది తెరచాపల మీదే.

విదేశీ ఓడ మీద చేస్తున్నాను. 183 రోజులు బయట ఉంటే పన్ను లేదంటారు, నిజమేనా?
*– ఫోర్త్ ఇంజినీర్, కాకినాడ*

ఒక్క రోజు తేడాతో దెబ్బతింటారు. ఆర్థిక సంవత్సరంలో దేశంలో 182 రోజులు ఉంటే రెసిడెంట్. 365లోంచి 183 తీస్తే మిగిలేది సరిగ్గా 182. కాబట్టి బయట 184 ఉండాలి, ఫిబ్రవరి 29 వచ్చిన ఏడాదిలో 185. విమానంలో వెళ్లి విదేశీ రేవులో ఓడ ఎక్కితే పాస్‌పోర్టు ముద్రలే ఆధారం. వాటి ఫొటోలు ఏ ఏటికి ఆ ఏడు దాచండి. జీతం ప్రవాస భారతీయులకిచ్చే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకే వేయించుకోండి. ఎన్‌ఆర్‌ఐగా విదేశీ ఓడ మీద సంపాదించిన జీతం ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో పడినంత మాత్రాన పన్ను పడదని 2017లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ సర్క్యులర్ ఇచ్చింది.

మాది వేట కుటుంబం. తమ్ముడు పది పాసయ్యాడు. పెద్ద ఫీజులు కట్టలేం.
*– ఉప్పాడ*

విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు సిఫ్‌నెట్ యూనిట్ ఉందని మీకు తెలిసే ఉంటుంది. చేపల ఓడల కొలువులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ప్రధాన కేంద్రం కొచ్చిలో. అక్కడ పదితో రెండేళ్ల కోర్సులు రెండున్నాయి: బోటు నడపడానికి వెసెల్ నావిగేటర్, ఇంజిన్ పనికి మెరైన్ ఫిట్టర్. ఆ తర్వాత సీ టైమ్ చూపించి ఫిషింగ్ వెసెల్ మేట్, ఇంజిన్ డ్రైవర్ పరీక్షలు రాయొచ్చు. ఆ సర్టిఫికెట్లు చేపల ఓడలకే చెల్లుతాయి, సరుకు ఓడల మీదికి కాదు. చేరేముందు తమ్ముడికి ఈ తేడా చెప్పండి. తర్వాత సరుకు ఓడ మీదికి మారాలంటే జీపీ రేటింగ్‌తో మళ్లీ మొదలుపెట్టాలి, దానికేమో 25 ఏళ్ల వయోపరిమితి ఉంది.