మోకాలి నొప్పికి మాత్ర వేసుకుని హాఫ్ మారథాన్ పరుగెత్తొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. అనంతపురంలో ఉద్యోగం. రెండేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ఏడాదిగా పొద్దున్నే పరుగెత్తడం అలవాటైంది, 10 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా వెళ్తాను. ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కు (21.1 కిలోమీటర్లు) స్నేహితులతో కలిసి పేరు ఇచ్చాను, రెండు గంటల్లో పూర్తి చేయాలని ఉంది. పోయిన ఆదివారం మొదటిసారి 16 కిలోమీటర్లు వెళ్లాను. మోకాలి చిప్ప దగ్గర నొప్పి వస్తోందని బయల్దేరే ముందు ఒక డైక్లోఫెనాక్, దారిలో ఇంకొకటి వేసుకున్నాను. ఎండకు భయపడి దాదాపు మూడు లీటర్ల నీళ్లు తాగాను. ఇంటికొచ్చాక తలనొప్పి, రెండు వాంతులు. వేలి ఉంగరం సబ్బు రాసినా రాలేదు. బరువు చూసుకుంటే బయల్దేరినప్పటికన్నా కిలో ఎక్కువుంది. డీహైడ్రేషన్ అనుకుని ఇంకో లీటరు తాగి పడుకున్నాను, సాయంత్రానికి తగ్గింది. మా నాన్నకు 52 ఏళ్లకే స్టెంట్ వేశారు. నేను పరుగెత్తొచ్చా? మోకాలికి ఏ మాత్ర మంచిది?
- ఒక పాఠకుడు, అనంతపురం

సలహా: మీరు అడిగింది మోకాలి గురించి, నాకు మాత్రం ఆ ఉంగరం, ఆ కిలో బరువు చదవగానే టెన్షన్ పట్టుకుంది. పరుగులో వేళ్లు కాస్త ఉబ్బడం చాలామందికి ఉండేదే, అదొక్కటే అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ రెండు గంటలు చెమట కార్చిన మనిషి బరువు తగ్గాలి. మీకు పెరిగింది. అంటే బయటికి పోయినదాని కన్నా లోపలికి వెళ్లిన నీరే ఎక్కువ, అది మూత్రంగా కూడా బయటికి రాలేదు. అలాంటప్పుడు రక్తంలో సోడియం పలచబడి మెదడు కణాల్లోకి నీరు చేరుతుంది, తలనొప్పి, వాంతులు దాని మొదటి గుర్తులు. ఇంకా ముదిరితే మాట తడబడుతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజు రక్తపరీక్ష చేయలేదు కాబట్టి ఇదే జరిగిందని నేను తేల్చి చెప్పలేను, కానీ మీరు రాసిన ప్రతి గుర్తూ అటే చూపిస్తోంది. డీహైడ్రేషన్ అనుకుని మీరు తాగిన ఆ చివరి లీటరు అన్నిటికన్నా ప్రమాదం.

ఇదేదో అరుదైన విషయం అనుకోవద్దు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది, ముగ్గురికి ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. దాంతో గట్టిగా ముడిపడి కనిపించింది పరుగులో బరువు పెరగడమే. పైగా నెమ్మదిగా, ఎక్కువసేపు పరుగెత్తేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. ముందు వెళ్లేవాళ్లకు తాగే తీరికే ఉండదు, మనలాంటి వాళ్లం ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా ఆగుతాం.

ఇక మీ మాత్రలు. ఇది కొంచెం శ్రద్ధగా చదవండి, మీ ఉత్తరానికి అసలు జవాబు ఇక్కడే ఉంది. మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రంలో ఉప్పును బయటికి పంపుతుంది, అంటే సోడియం తగ్గే గుణం మీకు రోజూ కొంత ఉండనే ఉంది. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత మీద ఒత్తిడి తగ్గిస్తుంది, మామూలు రోజుల్లో అది మంచిదే. పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకు, చర్మానికి మళ్లుతుంది కాబట్టి కిడ్నీకి వచ్చే వాటా తగ్గుతుంది, అప్పుడు కిడ్నీ తన రక్తనాళాలను తెరిచి ఉంచుకోవడానికి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల మీద ఆధారపడుతుంది. సరిగ్గా వాటినే డైక్లోఫెనాక్ ఆపేస్తుంది. ఈ మూడూ ఒకే పొద్దున, ఎండలో, 16 కిలోమీటర్ల పరుగులో కలిశాయి. కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినడానికి డాక్టర్లు భయపడే కాంబినేషన్ ఇదే. దీనికి తోడు ఈ రకం నొప్పి మాత్రలు నీటిని ఒంట్లో నిలబెట్టేస్తాయి, బీపీ పెంచుతాయి, డైక్లోఫెనాక్ అయితే గుండెపోటు ముప్పును కూడా పెంచుతుంది. ఐబుప్రొఫెన్‌కు మారితే సరిపోతుందా అని అడుగుతారేమో, అదీ ఇదే కోవలోది. కాబట్టి ఏ మాత్ర మంచిది అంటే, పరుగుకు ముందు ఏదీ వద్దు. మాత్ర వేసుకుంటే తప్ప బయల్దేరలేని రోజున బయల్దేరకండి.

అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు. ఈ వారమే మీకు అది రాసిన డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఈ ఉత్తరంలో రాసినదంతా దాచకుండా చెప్పండి. సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. పరుగు మానరని తెలిస్తే ఆయన హైడ్రోక్లోరోథయాజైడ్ తీసేసి వేరే మందు ఇవ్వొచ్చు, ఆ నిర్ణయం ఆయనదే.

గుండె సంగతి కూడా ఆయన్నే అడగండి. తండ్రికి 55 లోపే గుండె జబ్బు వస్తే దాన్ని మేం కుటుంబ చరిత్రగా లెక్కిస్తాం. మీకు 46, బీపీ ఉంది. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ టెస్ట్, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోకుండా దూరం పెంచడం నాకు ఇష్టం లేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలో 2000 నుంచి 2010 వరకు హాఫ్, ఫుల్ మారథాన్లు పరుగెత్తిన దాదాపు 1.09 కోట్ల మందిని లెక్క చూస్తే గుండె ఆగిపోయింది 59 మందికి, అందులోనూ హాఫ్‌లో ముప్పు ఫుల్‌లో కన్నా బాగా తక్కువ. అయితే ఆ 59 మందిలో 51 మంది మగవాళ్లే, కారణాల్లో ముందే ఉన్న గుండె జబ్బులు ప్రధానం. మీ పేరు ఆ చిన్న లెక్కలో చేరకూడదనే ఈ పరీక్షలు.

మోకాలికి వద్దాం. చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగేటప్పుడు, సినిమా హాల్లో చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువైతే అది ఎక్కువగా తొడ ముందు కండరం, పిరుదు కండరాలు బలహీనంగా ఉండటం వల్ల, దూరం ఒక్కసారిగా పెంచడం వల్ల వచ్చేదే. 10 నుంచి 16కి ఒకే ఆదివారం దూకారు, మోకాలు ఊరుకోదు. రెండు వారాలు దూరం సగానికి తగ్గించండి. రోజు విడిచి రోజు గోడకు వీపు ఆనించి కుర్చీలా కూర్చోవడం, ఒక మెట్టు మీద నిలబడి రెండో కాలిని నెమ్మదిగా కిందికి దించడం చేయండి. అడుగు పొడవు తగ్గించి, అడుగులు కాస్త త్వరత్వరగా వేయండి, చిప్ప మీద బరువు తగ్గుతుంది. ఇంకో మాట, బైపాస్ రోడ్డు పక్కన ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తుతుంటే రోడ్డు వాలు వల్ల ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వారంలో రెండు రోజులైనా మట్టి గ్రౌండ్‌కు మార్చండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాలి.

నీళ్లు ఎంత తాగాలంటే, దాహమైనంత. ఇంట్లో తూకం మిషన్ ఉంది కదా, పెద్ద పరుగుకు ముందు, తర్వాత ఒకే రకం బట్టలతో బరువు చూసుకోండి. అర కిలో, కిలో తగ్గితే మామూలే, పెరిగితే ఎక్కువ తాగారని అర్థం. గంటన్నర దాటిన పరుగుల్లో ఓఆర్ఎస్ తీసుకోవచ్చు, ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపండి. కానీ ఉప్పు ఉంది కదా అని అదీ లీటర్లకు లీటర్లు తాగితే సోడియం పడిపోతుంది. బీపీ ఉంది కాబట్టి రోజువారీ అన్నంలో ఉప్పు పెంచొద్దు.

మన అనంతపురం గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టిన వెంటనే ఆరిపోయి బనియన్ మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. ఆగస్టులో హైదరాబాద్ తేమలో అదే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, పైగా దారిలో ఫ్లైఓవర్లు ఎక్కాలి. ఇక్కడి స్పీడు అక్కడ రాదు. రెండు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు, ఈసారికి ఆ కోరిక పక్కన పెట్టండి. రెండున్నర గంటలు, అంటే కిలోమీటరుకు 7 నిమిషాలు పైన, పక్కవాళ్లతో మాట్లాడుతూ వెళ్లగలిగే వేగం చాలు. ముందు రోజు రాత్రి కొత్త తిండి ఏదీ వద్దు, మీకు సంగటి అలవాటైతే సంగటే తినండి.

పరీక్షలన్నీ బాగుండి, మాత్ర లేకుండా 16 కిలోమీటర్లు నొప్పి లేకుండా, బరువు పెరగకుండా పూర్తి చేయగలిగితే నాకు అభ్యంతరం లేదు. జూలై మూడో వారానికి అది కుదరకపోతే స్నేహితులతో హైదరాబాద్ వెళ్లండి, 10 కిలోమీటర్ల పరుగుకు మార్చుకోవడానికి వీలుంటే అది చేయండి. పరుగులో ఛాతీ బిగిసినా, కళ్లు తిరిగినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా అక్కడే ఆగి మెడికల్ టీంను పిలవండి. మీతో వచ్చేవాళ్లకు కూడా ఒక విషయం చెప్పి ఉంచండి: పరుగు తర్వాత మీరు పొంతన లేకుండా మాట్లాడుతుంటే నోట్లో నీళ్లు పోయకుండా, దగ్గర్లో సెలైన్ బాటిల్ పెట్టించకుండా, ఒళ్లు కాలిపోతుంటే చల్లటి నీళ్లు పోస్తూ, 108కు ఫోన్ చేసి సోడియం పరీక్ష చేయగల పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీ మాత్ర పేరు రాసిన చీటీ ఒకటి జేబులో పెట్టుకోండి, ఉంగరం ఇంట్లోనే తీసి వెళ్లండి.