కర్తరి ఎండల్లో ఓవర్‌క్లాకింగ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మన పంచాంగాలు కర్తరి అని రాసే రోజులను చెన్నైలో కత్తిరి అంటారు. మే 4వ తేదీ ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా సాగే ఆ రోజుల్లో ఇంటికి శంకుస్థాపన చేయవద్దని పెద్దలు చెబుతారు. ప్రాసెసర్‌ను తయారీదారు పెట్టినదానికన్నా వేగంగా నడపవద్దని, అంటే ఓవర్‌క్లాకింగ్ చేయవద్దని ఏ పంచాంగమూ చెప్పలేదు గానీ, ఈ నెల నగరంలోని మన పాఠకులు రాసిన ఉత్తరాలు చదివాక, చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 3600 వేగంతో నడిచే 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు ఉన్నాయి. జనవరిలో ప్రాసెసర్‌లోని ఆరు కోర్లనూ 1.30 వోల్టుల వద్ద 4.5 గిగాహెర్ట్జ్‌కు స్థిరపరిచాను. ర్యామ్‌ను 3800కు పెంచి, టైమింగ్‌లను (ర్యామ్ ఒక్కొక్క పనికి తీసుకునే చక్రాల లెక్కలను), ముఖ్యంగా టీఆర్‌ఎఫ్‌సీని బాగా తగ్గించాను. రాత్రంతా ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రైమ్95, మరుసటి రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపినా ఒక్క తప్పు కూడా రాలేదు. ఏప్రిల్ చివరి నుంచి మాత్రం మధ్యాహ్నం వేళ గేమ్ ఆడుతుండగా బ్లూ స్క్రీన్ వస్తోంది. తప్పు ప్రాసెసర్‌దా, ర్యామ్‌దా? (ఒక పాఠకుడు, వేళచ్చేరి)

జవాబు: రెండింటిదీ కావచ్చు. మీరు పరీక్ష శ్రద్ధగానే చేశారు, అయితే జనవరి రాత్రి చేశారు. గాలితో చల్లబరిచే కూలర్ ఎంత పెద్దదైనా ప్రాసెసర్ వేడిని గదిలోని గాలికి అప్పగించగలదే తప్ప, గదికన్నా చల్లగా దేన్నీ ఉంచలేదు. 25 డిగ్రీల గదిలో మీ ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర నిలబడిందనుకుందాం. అది గదికన్నా 55 డిగ్రీలు పైన ఉన్నట్టు. ఏసీ వేయని మే మధ్యాహ్నం గది 36 డిగ్రీలకు చేరితే అదే లెక్కన ప్రాసెసర్ 91కి చేరుతుంది. 5600ఎక్స్‌కు తయారీదారు పెట్టిన హద్దు 95. పైగా ఆ 91 దగ్గర కూడా అది ఆగదు. వేడెక్కిన సిలికాన్‌లో లీకేజీ కరెంటు పెరుగుతుంది, దానితో విద్యుత్తు వాడకం పెరుగుతుంది, ఆ విద్యుత్తంతా మళ్ళీ వేడిగానే బయటికి రావాలి. చల్లగా ఉన్నప్పుడు 4.5 గిగాహెర్ట్జ్‌కు సరిపోయిన 1.30 వోల్టులు వేడిలో చాలకపోవచ్చు. అప్పుడు వోల్టేజీ ఇంకాస్త పెంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి పెంచకండి.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. ప్రాసెసర్ వాడే విద్యుత్తు వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని దానితోనే గుణించిన విలువతో) పాటు పెరుగుతుంది. ఉదాహరణకు 1.15 వోల్టుల వద్ద 4.2 గిగాహెర్ట్జ్‌తో నడిచే కోరును 1.30 వోల్టులకు, 4.5 గిగాహెర్ట్జ్‌కు తీసుకువెళితే వేగం సుమారు 7 శాతం పెరుగుతుంది, విద్యుత్తు మాత్రం 37 శాతం దాకా పెరుగుతుంది. ఆ 7 శాతమైనా అన్ని కోర్లకూ ఒకేసారి పని ఉన్నప్పుడే మీ చేతికి వస్తుంది. ఒకటి రెండు కోర్లకే పని పడినప్పుడు మీ ప్రాసెసర్ ఎవరూ ముట్టుకోకపోయినా 4.6 గిగాహెర్ట్జ్‌కు చేరేలా తయారైంది. దాన్ని 4.5 దగ్గర కట్టేసినందువల్ల, ఒకే కోరు మీద ఎక్కువగా ఆధారపడే గేమ్‌లలో మీరు వేగం పెంచలేదు, కొద్దిగా తగ్గించారు. ఇంత శ్రమ పడ్డాక ఈ మాట వినడం కష్టమే, కానీ ఉత్తరాలు రాసేవారిలో సగం మంది ఇక్కడే పొరబడుతున్నారు.

ఇక ర్యామ్ సంగతి. నా అనుమానం ఎక్కువగా దీని మీదే ఉంది. డీడీఆర్4 చిప్పులో ప్రతి బిట్టూ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లోని చార్జి. అది నిలవ ఉండదు, కారిపోతుంది. అందుకే సగటున 7.8 మైక్రోసెకన్లకొకసారి రిఫ్రెష్ ఆదేశం వెళ్ళి, 64 మిల్లీసెకన్లలో చిప్పు మొత్తాన్ని తిరిగి నింపుతుంది. చిప్పు 85 డిగ్రీలు దాటితే ఆ విరామాన్ని సగానికి తగ్గించాలని ప్రమాణమే చెబుతోంది. వేడి పెరిగేకొద్దీ చార్జి ఎంత త్వరగా కారిపోతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. మీరు తగ్గించిన టీఆర్‌ఎఫ్‌సీ అనేది ఒక్కొక్క రిఫ్రెష్‌కు ఇచ్చే గడువు. ఆ గడువును చివరి అంచు దాకా కుదించిన ర్యామ్ చల్లగా ఉన్నంతసేపు నెట్టుకొస్తుంది, వెచ్చబడగానే ఎక్కడో ఒక బిట్టును తప్పుగా చదువుతుంది. మెమ్‌టెస్ట్86 మీకు దీన్ని పట్టివ్వకపోవడానికి కారణం ఉంది. అది పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది, ఆ సమయంలో గ్రాఫిక్స్ కార్డుకు పనే ఉండదు. గేమ్ ఆడేటప్పుడు అదే కార్డు వదిలే వేడి గాలి కేసులో పైకి లేచి, ర్యామ్ స్టిక్కుల మీదుగానే పోతుంది. అంటే మీరు చల్లని ర్యామ్‌ను పరీక్షించి వేడి ర్యామ్‌ను వాడుతున్నారు.

3800 అన్న అంకెతో మరో చిక్కు ఉంది. రైజెన్‌లో కోర్లను మెమరీ కంట్రోలర్‌తో కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్, ర్యామ్ అసలు గడియారంతో సమానంగా నడిచినప్పుడే ఆలస్యం తక్కువగా ఉంటుంది. ర్యామ్ అసలు గడియారం ఆ అంకెలో సగమే గనుక, ర్యామ్ 3600 అయితే ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్‌తో నడవాలి, 3800 అయితే 1900తో నడవాలి. ఈ తరం ప్రాసెసర్లలో 1800ను దాదాపు అన్నీ తట్టుకుంటాయి, 1900ను తట్టుకోలేనివి చాలానే ఉన్నాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో హెచ్చరికలు వరుసగా ఉన్నాయేమో చూడండి. 19వ నంబరు హెచ్చరికలు కుప్పలుగా ఉంటే ముందుగా ఫ్యాబ్రిక్‌నే అనుమానించండి.

చేయవలసినది ఇది. బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికల తెరలో) అన్నింటినీ తొలి అమరికకు తెచ్చి, ప్రాసెసర్‌ను ముట్టుకోకుండా, ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (తయారీదారు స్టిక్కులోనే రాసి ఇచ్చిన వేగపు అమరిక) మాత్రమే ఎంచుకుని 3600 దగ్గర వారం రోజులు వాడండి. బ్లూ స్క్రీన్ ఆగిపోతే తప్పు మీ అమరికలదే. ప్రాసెసర్ వేగం మీద మనసు చావకపోతే స్థిరమైన వేగాన్ని వదిలేసి, బయోస్‌లో వోల్టేజీని మెట్లుమెట్లుగా తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను వాడండి. అందులో మైనస్ 10తో మొదలుపెడితే, ఒక్కొక్క మెట్టుకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టుల చొప్పున వోల్టేజీ తగ్గుతుంది. తయారీదారు పెట్టిన అదే 76 వాట్ల హద్దులో ప్రాసెసర్ ఇంకాస్త చల్లగా, కాబట్టి ఇంకాస్త వేగంగా నడుస్తుంది. ఈ మండే ఊళ్లో వోల్టేజీ పెంచే విద్యకన్నా తగ్గించే విద్యే నాకు నచ్చుతుంది. అయితే మెట్లు మరీ ఎక్కువ దిగితే ఇది గట్టి పరీక్షలన్నీ నెగ్గి, ఏ పనీ లేక ఊరికే ఉన్నప్పుడు ఆగిపోతుంది. పని తేలికగా ఉన్నప్పుడే కోరు అత్యధిక వేగానికి ఎగబాకుతుంది గనుక, తగ్గించిన వోల్టేజీ అక్కడ చాలదు. అందుచేత ఒక్కొక్క కోరునూ విడివిడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ వంటి ప్రోగ్రామును నడపండి. మిగతా పరీక్షలను మాత్రం మధ్యాహ్నం 2 గంటలకు, ఏసీ ఆపి, గ్రాఫిక్స్ కార్డుకు కూడా పని పెట్టి చేయండి.

వారంటీ గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. ఈ ప్రాసెసర్ అధికారికంగా హామీ ఇచ్చేది 3200 ర్యామ్‌కే. ఎక్స్‌ఎంపీతో 3600 నడపడం కూడా కాగితం మీద ఓవర్‌క్లాకింగే.

ప్రశ్న: 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏను నేను 450 మెగాహెర్ట్జ్‌తో ఏళ్ల తరబడి నడిపాను. సగానికి సగం వేగం ఉచితంగా వచ్చింది. ఇప్పటి ప్రాసెసర్లలో ఆ రుచి ఎందుకు లేదు? (ఒక పాఠకుడు, పెరంబూరు)

జవాబు: మీ ఉత్తరం చదివి నాకూ ఆ రోజులు గుర్తొచ్చాయి. ఆ సెలెరాన్‌లో గుణకం 4.5 దగ్గర బిగించి ఉండేది, బస్సు (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి) వేగం 66 మెగాహెర్ట్జ్, ఆ రెండింటి లబ్ధమే ప్రాసెసర్ వేగం. 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు మీద పెట్టి బస్సును 100కు మారిస్తే చాలు, 300 కాస్తా 450 అయ్యేది. లోపలి 128 కేబీ ఎల్2 క్యాష్ (ప్రాసెసర్ దగ్గరే ఉండే చిన్న మెమరీ) ప్రాసెసర్ వేగంతోనే నడిచేది గనుక, సగం వేగపు 512 కేబీ క్యాష్ ఉన్న ఖరీదైన పెంటియం 2తో అది పోటీకి నిలిచింది. తయారీదారు అమ్మిన వేగానికీ, సిలికాన్ తట్టుకోగల వేగానికీ మధ్య అంత ఎడం మిగిలి ఉండడమే మీ ఉచిత భోజనానికి కారణం. ఇప్పుడు ఆ ఎడాన్ని బూస్ట్ అనే పేరుతో ప్రాసెసరే క్షణక్షణం ఉష్ణోగ్రతనూ కరెంటునూ కొలుచుకుంటూ వాడేసుకుంటోంది. విస్తరి మనకు వేసేసరికి అన్నం అడుగంటింది. మిగిలిన కొద్దిపాటి ఎడం ఎక్కువగా ర్యామ్ వైపే ఉంది.

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో నాకు రైజెన్ 5 5600జీతో కంప్యూటర్ కట్టి ఇచ్చారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు, వేగం 3200 అని బిల్లులో ఉంది. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో చూస్తే 1066 అని వస్తోంది. దుకాణదారు నన్ను మోసం చేశారా? (ఒక విద్యార్థిని, అంబత్తూరు)

జవాబు: లేదమ్మా, తొందరపడి పోట్లాటకు వెళ్ళకండి. డీడీఆర్ ర్యామ్ ఒక్కొక్క గడియారపు చక్రంలో రెండుసార్లు సమాచారాన్ని పంపుతుంది. సీపీయూ-జెడ్ చూపేది అసలు గడియారాన్ని, బిల్లులో రాసేది దానికి రెట్టింపును. 1066కు రెట్టింపు 2133, డీడీఆర్4 ప్రమాణ వేగాల్లో అది ఒకటి. మీ స్టిక్కులో 3200 అమరిక ఎక్స్‌ఎంపీ పేరుతో రాసి ఉంటుంది, కానీ బయోస్‌లో ఎవరైనా దాన్ని ఎంచుకునేదాకా అది నిద్రపోతూనే ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీని లేదా డీఓసీపీని (కొన్ని బోర్డుల్లో దాని పేరు ఇదే) ఎంచుకుని, సేవ్ చేసి బయటికి రండి. తర్వాత సీపీయూ-జెడ్‌లో 1600 కనిపించాలి. 15 టైమింగ్‌తో 2133 దగ్గర సుమారు 14 నానోసెకన్లుండే తొలి ఆలస్యం, 16 టైమింగ్‌తో 3200 దగ్గర 10కి దిగుతుంది. టైమింగ్ అంకె పెరిగినా కాలం తగ్గడం చాలామందిని తికమక పెడుతుంది. ఆ అంకె చక్రాల లెక్క, ఒక్కొక్క చక్రం నిడివి తగ్గిందన్నది మరువకూడదు.

మీ విషయంలో దానికన్నా పెద్ద లోటు ఒకే స్టిక్కు ఉండడం. 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అది మీ ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒక చానల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) ఒకసారికి 8 బైట్లు పంపుతుంది గనుక, ఇప్పుడు మీకు అందుతున్నది సెకనుకు గరిష్ఠంగా 17 జీబీ. ఎక్స్‌ఎంపీతో అది 25.6 జీబీ అవుతుంది. అలాంటిదే రెండో స్టిక్కు చేర్చితే రెండో చానల్ కూడా పనిచేసి 51.2 జీబీ అవుతుంది, అంటే ఇప్పటికి మూడు రెట్లు. ఈ ప్రాసెసర్‌కు ఏ ఓవర్‌క్లాకింగూ అంత మేలు చేయదు. నాలుగు స్లాట్లున్న బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. వీలైతే అదే మోడల్ స్టిక్కు కొనండి. వేర్వేరు స్టిక్కులు కలిసి నడవవచ్చు, నడవకపోవచ్చు.

ప్రశ్న: మా ఆడిట్ ఆఫీసులో ఐ5-12400, హెచ్610 బోర్డున్న కంప్యూటర్లు నాలుగున్నాయి. పెద్ద కంపెనీల ట్యాలీ డేటా తెరవడానికి ఆలస్యమవుతోంది. ఓవర్‌క్లాక్ చేస్తే సరిపోతుందని మా బావమరిది అంటున్నాడు. (ఒక పాఠకుడు, టీ నగర్)

జవాబు: చేయలేరు, చేయగలిగినా చేయకూడదు. ఇంటెల్‌లో గుణకం మార్చుకునే వీలు 2011 నుంచీ ముఖ్యంగా పేరు చివర కే అక్షరం ఉన్న ప్రాసెసర్లకే ఉంది, దానికి జెడ్ తరగతి బోర్డు కావాలి. మీ దగ్గర రెండూ లేవు. అంతకన్నా ముఖ్యం, అంచు మీద నడిచే కంప్యూటర్ ప్రతిసారీ బ్లూ స్క్రీన్‌తో హెచ్చరించదు, ఒక్కొక్కసారి ఒక్క బిట్టు మారి ఫైల్లోకి నిశ్శబ్దంగా చేరిపోతుంది. గేమ్‌లో అది ఒక రంగు చుక్క. మీ ఆఫీసులో అది ఎవరో ఒకరి జీఎస్‌టీ లెక్క. డేటా ఇంకా హార్డ్‌డిస్క్ మీద ఉంటే దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చండి, రోజూ బ్యాకప్ తీయండి. బావమరిదిగారికి మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ అప్పగించండి.

ప్రశ్న: ర్యామ్ టైమింగ్ మార్చి సేవ్ చేశాక తెర వెలగడం లేదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. బోర్డు పోయిందా? (ఒక పాఠకుడు, అడయారు)

జవాబు: పోయి ఉండదు. బోర్డు కొత్త టైమింగ్‌లతో ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొంతసేపు పడుతుంది, డీడీఆర్5 అయితే కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. పది నిమిషాలు ఆగండి. అప్పటికీ వెలగకపోతే ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలపండి. ఆ పిన్నులు దొరకకపోతే బోర్డు మీది గుండ్రని సీఆర్2032 బ్యాటరీని తీసి, అయిదు నిమిషాల తర్వాత పెట్టండి. తొలి అమరికలన్నీ తిరిగి వస్తాయి. తెర వెలిగాక మీరు మార్చిన టైమింగ్‌లన్నింటినీ ఒకేసారి కాక ఒక్కొక్కటిగా మార్చుతూ, ఏ అంకె దగ్గర ఆగిపోయిందో కాగితం మీద రాసుకోండి. బయోస్ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకున్నా చాలు.