స్టీల్ ప్లేట్ల గోడలు లేని అపార్ట్‌మెంట్ భూకంపానికి ఆగదా?

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్లో ఉంటాడు. అక్కడ ఒక 58 అంతస్తుల భవనంలో రెండు స్టీల్ ప్లేట్లు నిలబెట్టి, మధ్యలో కాంక్రీటు పోసి గోడలు కట్టారట. మేం కాకినాడలో 14 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనాలనుకుంటున్నాం. బిల్డరుని అడిగితే మావి మామూలు కాంక్రీటు షీర్ వాల్స్ (భవనాన్ని పక్కకి ఊపే బలాన్ని తట్టుకునే గోడలు) అన్నాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. కొనమంటారా, వద్దంటారా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అవి లేనంత మాత్రాన మానుకోనక్కర్లేదమ్మా. మీ అబ్బాయి చెప్పింది మాత్రం నిజం. ఆ భవనం పేరు రెయినియర్ స్క్వేర్, ఎత్తు 850 అడుగులు. లిఫ్టులు, మెట్ల చుట్టూ ఉండే నడిమి గోడలను, అంటే కోర్‌ని, అలాగే కట్టారు. సెంట్రింగ్ లేదు, ఊచలు కట్టే పని లేదు, ప్లేట్లే అచ్చు, అవే బలం కూడా, అందుకే దాని ఫ్రేము దాదాపు పది నెలల్లో లేచింది.

భూకంపంలో దీని గొప్పతనం ఎక్కడుందంటే, భవనం అటూ ఇటూ ఊగినప్పుడు గోడకి ఒక అంచున నొక్కుడు, రెండో అంచున లాగుడు పడతాయి, మరుక్షణం అవి తారుమారవుతాయి. మామూలు గోడలో ఇలా పదేపదే జరిగితే అంచు కాంక్రీటు పెచ్చులూడి, లోపలి ఊచలు వంగిపోతాయి. ఇక్కడ రెండువైపులా ప్లేట్లు ఉన్నాయి కాబట్టి కాంక్రీటు రాలిపోదు, లోపల కాంక్రీటు ఉంది కాబట్టి ప్లేటు లోపలికి నలగదు, బయటికి ఉబ్బకుండా రెండు ప్లేట్లనూ దగ్గర దగ్గరగా స్టీల్ కడ్డీలతో కలుపుతారు. లిఫ్టు తలుపుల పైన రెండు గోడల్ని కలిపే బీములు ముందుగా వంగి భూకంపం శక్తిని మింగేలా డిజైన్ చేస్తారు, గోడ అడుగుభాగం వంతు ఆ తర్వాతే. అమెరికా భవన నిర్మాణ కోడు 2022లో ఈ పద్ధతికి ప్రత్యేకంగా చోటిచ్చింది. అయితే వెల్డింగ్ చెడితే ఇదంతా వృథా, పైగా మన ఉప్పుగాలికి బయట కనబడే స్టీలుకి పెయింటు కాపుదల కూడా గట్టిగా ఉండాలి.

పద్నాలుగు అంతస్తులకి ఇంత అవసరం లేదు. సరిగ్గా కట్టిన కాంక్రీటు షీర్ వాల్ చాలు. నా భయమంతా ఆ 'సరిగ్గా' దగ్గరే.

మన దేశపు 2016 భూకంప కోడు ప్రకారం మన డెల్టా మూడో భూకంప జోన్, అంటే ఒక మోస్తరు ప్రమాదం. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడ దాకా తెలిసింది, 1969లో భద్రాచలం దగ్గరా వచ్చింది. మన కింద రాయి లేదు, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఉంది. పళ్ళెం కొంచెం కదిపితే అందులో జున్ను ఎంత వణుకుతుందో చూస్తూనే ఉంటారుగా, మెత్తటి నేలా అంతే, కింది నుంచి వచ్చిన కదలికను పెంచుతుంది. నీళ్ళు నిండిన వదులు ఇసుక పొర ఉంటే బలమైన కుదుపుకి అది పట్టు తప్పి బురదలా మారొచ్చు కూడా. 2001లో భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. చాలావాటికి కింద పార్కింగ్ కోసం పిల్లర్లు మాత్రమే ఉన్నాయి, పైన ఇటుక గోడలతో బిగుసుకున్న అంతస్తులు, కింద ఖాళీ.

కాబట్టి బిల్డరుని స్టీల్ గోడల గురించి కాదు, మట్టి పరీక్ష రిపోర్టు అడగండి. పైల్స్, అంటే నేలలోకి దింపే పునాది స్తంభాలు, గట్టి పొర దాకా దిగాయా? షీర్ వాల్స్ పార్కింగ్ అంతస్తులో ఆగకుండా పునాది దాకా వచ్చాయా? పిల్లర్లలో నిలువు ఊచల చుట్టూ కట్టే రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచారా, లేక మేస్త్రీ 90 డిగ్రీలకే వదిలేశాడా? ఇది కాంక్రీటు పోయకముందే చూడాలి, పిల్లర్లు పోసే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని తీసుకెళ్ళండి. రానివ్వను అన్నాడంటే అక్కడ కొనకండి.

ప్రశ్న: మాది పాత ఐదంతస్తుల బిల్డింగ్, కింద అంతా పార్కింగే. ఇప్పుడేమైనా చెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చెయ్యొచ్చండీ. కింది అంతస్తులో కొన్ని పిల్లర్ల మధ్య రెండు దిశల్లోనూ కాంక్రీటు గోడలు కట్టడం, బలహీనమైన పిల్లర్లకు చుట్టూ అదనపు ఊచలు, కాంక్రీటుతో జాకెట్ వెయ్యడం అనుభవంలో ఉన్న పద్ధతులే. గోడలన్నీ ఒకే పక్కన పెడితే మాత్రం బిల్డింగ్ మెలితిరుగుతుంది, అటూ ఇటూ సమంగా రావాలి, వాటి కింద పునాదీ కలపాలి. ఒకటి రెండు కార్ల చోటు పోతుంది. అసోసియేషన్ మీటింగులో గొడవయ్యేది దాని దగ్గరే, అయినా ఒప్పించండి.