వేరు ఏం చేస్తుందో రాయి, బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

నీ సోయా వ్యాసం అందింది. "ఉప్పును జయించిన అద్భుత జన్యువు మన రైతు కన్నీళ్లు తుడవబోతోంది" అన్న మొదటి వాక్యం దగ్గరే చిరాకు పుట్టి పక్కన పెట్టేశాను. రాత్రి మళ్లీ తీశాను. మూడో పేజీలో మీ ఊరి చౌడు మడిలో సోయా ఆకు అంచు నుంచి లోపలికి ఎలా మాడుతూ పోయిందో రాశావు. అది కళ్లతో చూసి రాసిన పేరా. అది లేకపోతే ఈ ఉత్తరమే రాసేవాడిని కాను.

జన్యువు దేన్నీ జయించదు. అది ఒక పని చేస్తుంది. ఆ పనేమిటో నీ ఏడు పేజీల్లో ఎక్కడా లేదు. అద్భుతం, విప్లవం, వరం అన్న మాటలు మాత్రం పేజీకి రెండు మూడున్నాయి. ఇన్నేళ్లుగా నేను పట్టుకుని ఉన్నది ఒక్కటే: శాస్త్రం రాసేవాళ్లు ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో, ఎక్కడ ఆగిందో చెప్పాలి. అది చెప్పలేనప్పుడే పొగడ్తలు వస్తాయి.

ఉప్పు నేలలో పెరిగే సోయా నీళ్లతో పాటు సోడియాన్నీ క్లోరైడ్‌నూ పీలుస్తుంది. తట్టుకునే రకమూ పీలుస్తుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. వేరులో నీటినీ ఆహారాన్నీ మోసే నాళాల చుట్టూ ఉన్న కణాల్లో ఈ జన్యువు ఒక ప్రొటీన్ తయారు చేయిస్తుంది. ఆ ప్రొటీన్ సరిగ్గా ఉన్న మొక్కలో ఆ సోడియం, క్లోరైడ్ రెండూ కాండంలోకి, ఆకుల్లోకి తక్కువగా చేరతాయి. అది చెడిపోయిన మొక్కలో పైకెక్కి ఆకులో పేరుకుంటాయి. నువ్వు చూసిన మాడిన అంచు అక్కడి నుంచి వచ్చిందే. ఆకు మూడో పేజీలో ఉంది, జన్యువు ఐదో పేజీలో ఉంది. ఒకదాని నుంచి ఇంకొకదానికి దారి మాత్రం వేయలేదు.

ఇంకొకటి. జీఎం సాల్ట్3, జీఎం సీహెచ్ఎక్స్1, ఎన్‌సీఎల్ అని మూడు జన్యువులు రాశావు. మూడూ ఒకటే. ఇక్కడ జీఎం అంటే సోయా శాస్త్రీయ నామం గ్లైసిన్ మ్యాక్స్, జన్యుమార్పిడి కాదు. 1969లో అబెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కొన్ని సోయా రకాలు ఆకుల్లోకి క్లోరైడ్‌ను రానివ్వవనీ, కొన్ని రానిస్తాయనీ, ఈ తేడా ఒక్క జన్యువు చేతిలో ఉందనీ చూపించాడు. ఎన్‌సీఎల్ అన్నది ఆయన పెట్టిన పేరు. ఆ జన్యువు చేతికి చిక్కడానికి 2014 దాకా పట్టింది. ఆ ఏడాదే ఒక బృందం చైనా సాగు రకం టీఫెంగ్ 8లో, ఇంకో బృందం డబ్ల్యూ05 అనే అడవి సోయాలో దాన్ని పట్టుకున్నాయి. 2016లో మూడో బృందం బ్రెజిల్ రకం ఒకదానిలో దాన్నే గుర్తించి పాత పేరే ఉంచింది. నలభై అయిదేళ్ల వెతుకులాటను నువ్వు ఒక్క వాక్యంలో ముగించి పేర్లకు మాత్రం మూడు వరుసలు ఇచ్చావు!

అసలు కథ అయితే పూర్తిగా వదిలేశావు. తట్టుకునే గుణం కొత్తగా ఎవరూ తయారు చేయలేదు. అది అడవి సోయాలో ఉంది, కొన్ని సాగు రకాల్లోనూ మిగిలి ఉంది. తట్టుకోలేని చాలా రకాల్లో అదే జన్యువు మధ్యలోకి దాదాపు 3,800 అక్షరాల డీఎన్ఏ తునక ఒకటి దూరి కూర్చుంది. దాంతో ప్రొటీన్ సగంలో తెగిపోతుంది. 2010లో సోయా జన్యుపటం మొత్తం వెలువడింది విలియమ్స్ 82 అనే రకం నుంచి. ఆ రకంలోనూ ఉన్నది ఈ చెడిన రూపమే. మరి ఆ గుణం పోయిన సంగతి విత్తనం ఎంచేవాళ్లకు ఎందుకు తెలియలేదు? దాదాపు అన్ని విధాలా ఒకేలా ఉండి, ఈ జన్యువులో మాత్రమే తేడా ఉన్న సోయా వంశాలను పొలంలో పెట్టి చూశారు. ఉప్పు నేలలో మంచి జన్యువు ఉన్నవి ఎక్కువ కాశాయి. మంచి నేలలో దిగుబడిలో తేడా రాలేదు. మంచి నేలలో కూర్చుని విత్తనం ఎంచేవాడికి ఏం పోయిందో తెలిసే దారే లేదు. నా గుండె పట్టుకున్నది ఇక్కడే. నువ్వేమో కన్నీళ్లు తుడవడానికి పోయావు.

ఇంత కోపం ఎందుకంటే, నా మొదటి వ్యాసాన్ని పాడు చేసినవాళ్లు నాకు గుర్తున్నారు. చౌడు మీదే రాశాను. రాత్రి వరంగల్ స్టేషన్ దాకా సైకిల్ తొక్కి ఆర్ఎంఎస్ (రైల్వే తపాలా) డబ్బాలో వేసి వచ్చాను. అచ్చయ్యాక చూస్తే వేరు గురించి రాసిన పేరాలన్నీ ఎగిరిపోయి, పైన ఒక ఆశ్చర్యార్థకంతో శీర్షిక ఉంది. అడిగితే ఆ వారపత్రిక సంపాదకుడు "వేర్ల సంగతి ఎవడు చదువుతాడయ్యా" అన్నాడు. మా మేనమామ చదివేవాడు! కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక ఆయన పల్లపు మడి ఏటా కొంత తెల్లబడుతూ పోయింది. ఆయనకు కావలసింది ఆ పేరాలే. ఇప్పుడు ఆశ్చర్యార్థకం పోయి 'గేమ్ ఛేంజర్' వచ్చింది. రోగం అదే.

మీ నిర్మల్ వైపు సోయా వానాకాలం పంట, ఎక్కువగా నల్లరేగళ్లలో వేస్తారు. అక్కడ ప్రతి రైతు కష్టానికీ ఉప్పే కారణమని రాస్తే ఊళ్లో నవ్వుతారు. పాలచౌడునూ కారుచౌడునూ కలిపేశావు కూడా. పాలచౌడులో ఉప్పు ఎక్కువ, మంచినీళ్లు నిలగట్టి కడిగి కాలువ తీస్తే దిగుతుంది. కారుచౌడులో సోడియం మట్టిని పట్టుకుని ఉంటుంది, పీహెచ్ ఎనిమిదిన్నర దాటుతుంది, జిప్సం వేయాలి. ఈ జన్యువు ఉప్పు పైకెక్కకుండా చూస్తుంది. గట్టిపడి నీళ్లు ఇంకని మట్టిని అది గుల్ల చేయదు. నువ్వు చెప్పిన మడి ఏ చౌడు? వ్యాసమంతా దాని మీద ఆధారపడి ఉంది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ముందు ఆ మడి మట్టిని పరీక్షకు ఇవ్వు. పీహెచ్, ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) రెండూ రాయించుకో. నీటితో పూర్తిగా తడిపిన మట్టి సారంలో ఈసీ మీటరుకు అయిదు డెసీసైమెన్లు దాటిన నేలలో సోయా దిగుబడి పడిపోవడం మొదలవుతుంది, నీ మడి దానికి ఎంత దూరంలో ఉందో చూడు. ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి పోయి, మీవాళ్లు వేసే జేఎస్ 335 సోయా రకంలో ఈ జన్యువు ఏ రూపంలో ఉందో అడుగు. తెలియదంటే తెలియదన్నారనే రాయి. మొదటి రెండు పేజీలు తీసేసి ఆకు దగ్గర మొదలుపెట్టు. పరీక్ష కాగితం జిరాక్స్ కూడా పెట్టి దసరా లోపల పంపు, చదువుతాను.