పై అంతస్తు కిటికీ నుంచి కారు మీద కన్నేసి ఉంచాలంటే

అమెరికాకు కొత్తగా వచ్చి, ఆరేడు నెలల జీతంలో మిగిల్చిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న మన పిల్లలు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. ఉండేది ఎనిమిదో అంతస్తులోనో పదో అంతస్తులోనో, కారు ఉండేది కింద ఆరుబయట పార్కింగ్ లాట్‌లో; రాత్రంతా దాన్ని కనిపెట్టుకుని ఉండే కెమెరా ఏది? అడగడమే ఆలస్యం, "ఫోర్‌కే కెమెరా తీసుకో, సరిపోతుంది" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ మాట నమ్మి ఒకప్పుడు నేనూ చేతులు కాల్చుకున్నాను కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో మేము న్యూయార్క్ పక్కనే న్యూజెర్సీలో ఉన్న జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్‌కు దగ్గరగా, తొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్ళం. ఇక్కడ నేల అంతస్తునే ఒకటో అంతస్తు అంటారు కాబట్టి మన లెక్కలో అది ఎనిమిదే. కిటికీలో పెట్టిన ఫోర్‌కే కెమెరాలో పగటిపూట లాట్ మొత్తం, దాని అవతలి వీధి, ఎదుటి మేడ కూడా కనిపిస్తుంటే చూసి మురిసిపోయాను. జనవరిలో ఒక ఉదయం అద్దం మీది మంచు గీకడానికి కిందికి వెళ్ళేసరికి వెనక బంపర్ ఎడమ మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది, ఎర్ర లైటు పెంకులు మూడు మంచులో పడి ఉన్నాయి. పైకి వచ్చి రికార్డింగు వెనక్కి తిప్పి చూస్తే, ఫోను తెర మీద మా కారు బియ్యపు గింజంత ఉంది. తెల్లవారుజామున రెండుంబావుకు దాని పక్కకు మరో గింజ వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. వేళ్ళతో పెద్దది చేసి చూస్తే ఆ గింజ కాస్తా బూడిదరంగు గళ్ళుగా విడిపోయింది. అది వ్యానో కారో కూడా తేల్చుకోలేకపోయాము.

పొరపాటు లెన్సు దగ్గర జరిగింది. ఫోర్‌కే అంటే అడ్డంగా 3840 పిక్సెళ్ళు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. అవి ఎన్ని మీటర్ల వెడల్పు మీద పరుచుకుంటున్నాయన్నదే మనం చూడవలసిన లెక్క. ఇళ్ళకు అమ్మే కెమెరాలలో ఎక్కువగా కనిపించే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 105 డిగ్రీల మేర చూస్తుంది. గుమ్మం ముందు పెట్టుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. మా కిటికీ నేలకు 25 మీటర్ల ఎత్తున ఉంది, కారు గోడకు 30 మీటర్ల అవతల ఉంది. హైస్కూల్లో చదువుకున్న పైథాగరస్ సూత్రంతో లెక్కిస్తే ఏటవాలు దూరం దాదాపు 40 మీటర్లు తేలుతుంది. అంత దూరాన 105 డిగ్రీల చూపు వంద మీటర్లకు పైగా వెడల్పును పట్టుకుంటుంది కనుక మీటరుకు దక్కేవి 37 పిక్సెళ్ళే. నిఘా కెమెరాలకు ఐరోపాలో పాటించే ప్రమాణం ప్రకారం, అక్కడ ఒక మనిషి ఉన్నాడని పసిగట్టడానికి మీటరుకు 25, తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125, ముక్కూ మొహం తెలియని వాణ్ణి ఫలానా అని నిర్ధారించడానికి 250 పిక్సెళ్ళు కావాలి. అదే కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్సు ఉండి ఉంటే చూపు 30 డిగ్రీలకు కుదించుకుపోయి, 40 మీటర్ల దూరంలో 21 మీటర్ల వెడల్పు మాత్రమే పట్టేది, మీటరుకు 180 పిక్సెళ్ళు వచ్చేవి. అందువల్ల పెట్టె మీద మెగాపిక్సెళ్ళ కంటే ముందు లెన్సు కొలత చూడండి, 2.8 నుంచి 12 వరకు మార్చుకోగల వేరిఫోకల్ లెన్సు అయితే ఇల్లు మారినా పనికొస్తుంది. ఆప్టికల్ జూమ్ అని ఉంటే లెన్సే దగ్గరకు తెస్తుందని అర్థం. డిజిటల్ జూమ్ అంటే నేను వేళ్ళతో చేసిన పనే.

తరువాతి చిక్కు కిటికీ అద్దం. అద్దె ఇంటి బయటి గోడకు మేకు కొట్టనివ్వరు కనుక కెమెరా లోపలే ఉండాలి. బ్యాటరీతో నడిచే కెమెరాలు చాలావరకు ఒంటి వేడిని బట్టి కదలికను పసిగడతాయి. ఆ వేడి కిరణాలు అద్దం దాటి రావు, బయట పెట్టినా వాటి చూపు పది మీటర్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది. కాబట్టి ప్లగ్గుకు తగిలించి నడిపేది, బొమ్మలోని మార్పును బట్టి కదలికను గుర్తించేది తీసుకోవాలి. చీకటి పడగానే కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించుకుంటే ఆ వెలుగు అద్దానికి కొట్టి వెనక్కి వస్తుంది, తెరంతా తెల్లగా పాలిపోతుంది; సెట్టింగులలో వాటిని ఆర్పేయండి. 40 మీటర్ల దూరానికి అవి ఎలాగూ చాలవు. లాట్‌లోని దీపస్తంభాల వెలుగుతోనే పని జరగాలి కనుక వెలుగును పట్టే సెన్సారు పెద్దదిగా ఉన్నది ఎంచుకోండి, లెన్సును అద్దానికి ఆనించి చుట్టూ నల్లగుడ్డ కప్పండి. దోమతెర ఉంటే మేనేజ్‌మెంట్‌ను అడిగి తీయించండి.

ఇంత చేసినా నంబరు ప్లేటు మీద ఆశ పెట్టుకోకండి. ప్లేటు నిలువుగా ఉంటుంది, మా కెమెరా 40 డిగ్రీల వాలున పైనుంచి చూసేది. దానికి తోడు రాత్రిపూట హెడ్‌లైట్ల మెరుపు. పై నుంచి దక్కేది ఎన్ని గంటలకు, ఏ రంగు, ఏ రకం బండి, ఎటు వెళ్ళింది అన్నంత వరకే. పోలీసు రిపోర్టుకూ ఇన్సూరెన్సు క్లెయిముకూ అది బాగానే ఆసరా అవుతుంది. ప్లేటు కూడా కావాలంటే, కారు ఆగి ఉన్నప్పుడూ రికార్డు చేసే పార్కింగ్ మోడ్ ఉన్న, ముందూ వెనకా చూసే డాష్‌క్యామ్ అనే చిన్న కెమెరాను కారులోనే బిగించుకోవాలి; అది కారు బ్యాటరీతోనే నడుస్తుంది కనుక బ్యాటరీ బలం ఒక మేరకు తగ్గగానే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు లేకపోతే చలికాలంలో పొద్దున్నే కారు స్టార్ట్ కాదు.

కిటికీ కెమెరాకు మెమరీ కార్డు హై ఎండ్యూరెన్స్ రకం, అంటే ఆగకుండా రికార్డు చేసినా తట్టుకునేది, తీసుకోండి. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున రోజుకు దాదాపు 86 గిగాబైట్లు నిండుతాయి కనుక 256 గిగాబైట్ల కార్డు మూడు రోజులు కూడా నిండుగా రాదు. మైకు ఆపేయండి. తొమ్మిదో అంతస్తులో కారు చప్పుడు ఎలాగూ వినపడదు, రికార్డయ్యేది మీ రూమ్మేట్ల మాటలే, పైగా కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో ఆంతరంగిక సంభాషణను అందరి అనుమతీ లేకుండా రికార్డు చేయడం నేరం. ఎదుటి మేడలోని కిటికీలు ఫ్రేములోకి రాకుండా చూసుకోండి, లీజులో కెమెరాల గురించి ఏమైనా రాశారేమో చదవండి.

కెమెరా దొంగను ఆపదు కూడా. 2011 నుంచి 2021 వరకు వచ్చిన కియా కార్లలో, 2015 నుంచి 2021 వరకు వచ్చిన హ్యుందాయ్ కార్లలో తాళంచెవి తిప్పి నడిపే రకాలకు చాలావాటికి ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళంచెవి లేకుండా ఇంజను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు, లేదు. మీరు కొన్నది అదైతే డీలరు దగ్గర ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయించి, స్టీరింగుకు తాళం వేయడం ఏ కెమెరా కంటే ముందు చేయవలసిన పని. ఇన్సూరెన్సులో దొంగతనం కాంప్రహెన్సివ్ కిందకు వస్తుంది, ఆగి ఉన్న కారును ఎవరో గుద్ది పారిపోతే సాధారణంగా కొలిజన్ కిందకు వస్తుంది. కాంప్రహెన్సివ్, కొలిజన్ రెండూ ఇన్సూరెన్సులో మనం విడిగా ఎంచుకునే భాగాలు. మాకు కొలిజన్ లేదు, బంపర్ ఖర్చు మేమే పెట్టుకున్నాము.

కొనే ముందు ఒక పని చేయండి. రాత్రి పదకొండింటికి గదిలో దీపాలు ఆర్పి, ఫోనును కిటికీ అద్దానికి ఆనించి మూడు రెట్ల జూమ్‌లో ఒక ఫొటో తీయండి. 12 మిల్లీమీటర్ల లెన్సు చూసేది దాదాపు అంతే. అందులో మీ కారు ఎంత ఉందో, వెలుగు ఏపాటిదో, ఏది అడ్డం వస్తోందో తెలిసిపోతుంది. డిసెంబరులో తీస్తున్నట్లయితే చెట్లకు ఆకులుండవన్నది మనసులో పెట్టుకోండి. మేము కొత్త లెన్సుతో ఫిబ్రవరిలో ఎంతో ముచ్చటగా బిగించుకున్న కెమెరాకు మే నెలాఖరుకల్లా కారు మాయమై, నిండుగా చిగిర్చిన మేపుల్ కొమ్మ ఒక్కటే కనిపించింది.